పెచ్చు లేవని బెజ్జం



మీ వంటింట్లో పాత చాకు ఏదైనా ఉంటే దాని పిడిని ఒకసారి తిప్పి చూడండి. కర్ర పిడి అయితే రెండో మూడో ఇత్తడి చుక్కలు కనిపిస్తాయి. పిడి తాలూకు రెండు బద్దల్నీ, వాటి నడుమ ఇమిడిన ఉక్కు తోకనీ ఈ పక్క నుంచి ఆ పక్క దాకా పట్టి ఉంచే సీలల తలలు అవి. ఆ చుక్క అంచు వెంట గోరు నడిపించండి. గోరు ఎక్కడా తట్టుకోకపోతే చేసినవాడు పనిమంతుడు. చుట్టూ చిన్న చిన్న గుంటలుండి, వాటిలో ఏళ్ల నాటి మురికి నల్లగా పేరుకుని ఉంటే, బెజ్జం వేసిన రోజునే అక్కడ పెచ్చు లేచిందన్నమాట.

టేకుకో వేపకో బెజ్జం వేయడం పెద్ద విద్య కాదు. చెయ్యి కాస్త అటూ ఇటూ అయినా కర్ర ఓర్చుకుంటుంది. పేచీ అంతా పెళుసు సరుకుతోనే. గేదె కొమ్ము, ఎముక, ముత్యపు చిప్ప, నల్లటి తునికి చేవ, ఈమధ్య ఎక్కడ చూసినా కనిపిస్తున్న అక్రిలిక్, రెజిన్ దిమ్మలు. పిడికి అందం తెచ్చేవీ ఇవే, ఏడిపించేవీ ఇవే. అలుగు సాగదీసి, పదును పెట్టి, బద్దలు కోసి, అన్నీ అయ్యాక ఆఖరి బెజ్జం దగ్గర టప్పుమని ఒక పెచ్చు ఎగిరిందంటే ఆ బద్ద మూలకి చేరాల్సిందే. జిగురు పెట్టి అతికించినా అతుకు దాగదు.

ఈ పెచ్చు ఎక్కడ లేస్తుందో ముందు గమనించాలి. బిట్టు లోపలికి దిగే చోట లేచేది తక్కువ. బయటికి వచ్చే చోట లేచేదే ఎక్కువ. మన కళ్లేమో పైనుంటాయి, పగులు కిందనుంచి వస్తుంది.

బాగా ఎండిన పచ్చి అప్పడాన్ని బల్ల మీద పరిచి వేలితో నొక్కితే ఏమీ కాదు. అదే అప్పడాన్ని గిన్నె అంచుల మీద ఆనించి నడిమధ్యన నొక్కితే పటుక్కున విరుగుతుంది. వేలు అదే, బలం అదే. పెళుసు పదార్థం నొక్కుడుని ఎంతైనా భరిస్తుంది గాని సాగదీతని భరించలేదు. కింద ఆసరా లేనప్పుడు అప్పడం అడుగు వంగుతుంది, వంగినప్పుడు అడుగు పొర సాగాలి, సాగలేక చీలుతుంది.

ఇప్పుడు డ్రిల్ బిట్టు మొన దగ్గరికి వద్దాం. దాన్ని వెలుతురులో పట్టుకుని చూస్తే రెండు పక్కలా రెండు కోత అంచులు కనిపిస్తాయి. ఆ రెండిటినీ కలుపుతూ నట్టనడుమ ఒక చిన్న అడ్డగీత ఉంటుంది. తొలిచేదంతా ఆ రెండు అంచులే. నడిమి అడ్డగీత కోయదు, కింద ఉన్నదాన్ని నలిపి పక్కకి తోస్తుంది. మన చెయ్యి వేసే బరువులో దాదాపు సగం దానికే పోతుంది. కింద నాలుగైదు మిల్లీమీటర్ల మందం ఉన్నంతసేపూ ఈ తోపుడు మనకి తెలియదు. అడుగున అర మిల్లీమీటరు మిగిలేసరికి కథ మారిపోతుంది. ఆ పలుచటి పొరని కోసే దాకా బిట్టు ఆగదు, ముందే దాన్ని బయటికి నెట్టేస్తుంది. ఆ పొర బెజ్జం కొలతకి సరిగ్గా ఊడి వస్తే గొడవే లేదు. అలా రాదు. బెజ్జం కంటే వెడల్పుగా, గరాటు ఆకారంలో చుట్టుపక్కల సరుకుని కూడా వెంటబెట్టుకుని మరీ ఊడుతుంది.

కాబట్టి ఆఖరి అర మిల్లీమీటరుని కిందనుంచి ఎవరు పట్టుకుంటున్నారు అన్నదే అసలు ప్రశ్న. బిట్టు ఖరీదు, మిషను కంపెనీ అన్నీ దీని తర్వాతే.

పట్టుకునేది ఒక చెక్క ముక్క. బద్ద కింద చదునైన ప్లైవుడ్డు ముక్కో గట్టి చెక్క ముక్కో పెట్టి, రెండిటినీ క్లాంపుతో సందు లేకుండా బిగించాలి. బిట్టు బద్దని దాటి నేరుగా చెక్కలోకి దిగాలి. ఇది చాలామందికి తెలిసిందే. కాకపోతే తెలిసినవాళ్లలోనూ ఎక్కువమంది ఆ చెక్క ముక్కని జరపరు. మొదటి బెజ్జం వేసినప్పుడే చెక్కలో ఒక గుంట పడింది కదా. రెండో బెజ్జం ఆ గుంట మీదికే వస్తే కింద ఆసరా ఏముంది? గాలి. ప్రతి బెజ్జానికీ చెక్కని కాస్త పక్కకి జరిపి, ముట్టని చోటు బిట్టు కిందికి వచ్చేలా చూసుకోవాలి. బద్ద అడుగు కాస్త వంపుగా ఉంటే క్లాంపు కూడా చాలదు, ఆ వంపు దగ్గర సందు మిగిలిపోతుంది. అలాంటప్పుడు రెండు వైపులా అంటుకునే టేపుతో గాని, ఒక్క చుక్క సూపర్ గ్లూతో గాని బద్దని చెక్కకి అతికించేయడం మేలు. పని అయ్యాక సన్నటి బ్లేడు దూర్చి విడదీయవచ్చు.

పైన కాగితపు టేపు అంటిస్తే పెచ్చు లేవదని ఒక నమ్మకం ఉంది. బిట్టు మొన జారకుండా నిలుస్తుంది, పెన్సిలు గీత కనిపిస్తుంది, దిగే చోట సన్న పెచ్చుల్ని కొంత ఆపుతుంది. అంతవరకు నిజం. బయటికి వచ్చే వైపు మాత్రం టేపుని నమ్ముకుని చెక్క మానేయకండి. కాగితం వంగుతుంది, వంగేది ఆసరా కాదు.

దీనికంటే తెలివైన ఉపాయం ఇంకొకటుంది. అది పనిముట్టులో లేదు, పని వరసలో ఉంది. బద్దని ముందే చెక్కి, నునుపు తేల్చి, ఆఖర్న బెజ్జం వేస్తే లేచిన ప్రతి పెచ్చూ కళ్లకి కడుతుంది. అలా కాకుండా మందంగా ఉన్న దిమ్మకే ముందు బెజ్జాలు వేసి, తర్వాత పైనుంచి 2 మిల్లీమీటర్లు అరగదీస్తే? పెచ్చు లేచిన పొర ఆ రజనులో కలిసిపోతుంది. పిడి అరచేతిలో ఒదగడానికి అంచుల్ని ఎలాగూ గుండ్రం తిప్పాలి, బద్దని ఎలాగూ పలచన చేయాలి. తీసేయబోయే పొరలోకి పెచ్చుని మళ్లించడం అన్నమాట. నన్నడిగితే ఈ వ్యవహారంలో అన్నిటికంటే చవకైన మందు ఇదే. సరుకు కొనేటప్పుడే కాస్త మందం ఎక్కువున్నది కొనుక్కోవాలి, అంతే.

మందం మిగలని చోట ఇంకో పాత పద్ధతి ఉంది. ఒక వైపు నుంచి తొలచుకుంటూ వచ్చి, మధ్యలో ఆపి, తిప్పి రెండో వైపు నుంచి తొలచడం. రెండు బెజ్జాలూ లోపల కలుసుకుంటాయి. బిట్టు బయటికి వచ్చే వైపు అంటూ ఒకటి ఉండదు కాబట్టి పెచ్చుకి తావే లేదు. ఈ ఉపాయం వయసు వింటే ఆశ్చర్యమేస్తుంది. సింధు నాగరికత కాలంలో చన్హుదారో, ధోలావీరా లాంటి చోట్ల ఎర్రటి కార్నీలియన్ రాయితో చేసిన పొడవాటి పూసలకి రెండు కొసల నుంచీ తొలిచే బెజ్జాలు వేశారు. 1935-36లో చన్హుదారోలో తవ్వకాలు జరిపిన ఎర్నెస్ట్ మెకే అక్కడ పూసల పనివాళ్ల రాతి బిట్లని బయటపెట్టాడు. ఆ బిట్ల రాయికి తర్వాతి కాలంలో పురావస్తు శాస్త్రజ్ఞుడు కెనోయర్ అతని పేరు మీదుగానే ఎర్నెస్టైట్ అని పేరు పెట్టాడు. అలాంటి బిట్టుతో కెనోయర్ స్వయంగా తొలిచి చూస్తే గంటకి రెండు మూడు మిల్లీమీటర్లు దిగిందట. జానెడు లేని పూసకి రోజుల తరబడి పని!

గుజరాత్‌లోని ఖంభాత్‌లో ఈ విద్య మన కాలం దాకా నడిచింది. ఇనప కడ్డీ కొసన రెండు వజ్రపు రవ్వలు పొదిగి, విల్లు తాడుతో దాన్ని గిరగిరా తిప్పుతూ, బెజ్జంలోకి చుక్క చుక్క నీళ్లు పడేలా చూసుకుంటూ అకీకు రాతి పూసల్ని తొలిచేవాళ్లు. మన వడ్రంగుల పాత బరమా కూడా ఇదే కుటుంబం. ఇంకా వెనక్కి పోతే బలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్ దగ్గర తొమ్మిది మంది మనుషుల పదకొండు పళ్లకి చెకుముకి రాతి మొనతో వేసిన బెజ్జాలు దొరికాయి. వాటి వయసు 7,500 నుంచి 9,000 ఏళ్లు. ఆ సంగతి 2006లో నేచర్ పత్రికలో వచ్చింది. పంటి మీది ఎనామెల్ కంటే పెళుసైనది మన ఒంట్లో ఇంకేముంది? పూసల పనివాళ్ల చేతివాటమే పళ్ల మీదికీ వచ్చి ఉంటుందని ఆ పరిశోధకుల ఊహ.

సరే, మళ్లీ మన బల్ల దగ్గరికి వద్దాం. పెచ్చుకి రెండో కారణం బిట్టు తనంతట తాను లోపలికి లాక్కోవడం. మామూలు బిట్టు గాడి మెలి తిరిగి ఉంటుంది. రజనుని పైకి ఎత్తిపోయడానికి ఆ మెలిక కావాలి. కానీ అదే మెలిక వల్ల కోత అంచు కొక్కెంలా వంగి, సరుకులోకి పళ్లు దించుతుంది. ఇనుము గట్టిది కాబట్టి దాన్ని నిలువరిస్తుంది. అక్రిలిక్ నిలువరించలేదు. ముఖ్యంగా బిట్టు అవతలికి తేలే క్షణంలో అడ్డు ఒక్కసారిగా తగ్గిపోయి, మరమేకులా తిరుగుతూ గభాలున దిగబడుతుంది. పెద్ద ముక్క ఊడేది అప్పుడే. క్లాంపు లేకుండా చేత్తో పట్టుకుని ఉంటే బద్ద బిట్టుతో పాటు గిరగిరా తిరిగి వేళ్లు కోస్తుంది. చిన్న ముక్కే కదా అని చేత్తో పట్టుకోవడం ఎప్పుడూ వద్దు.

ఇత్తడి తొలిచే లేత్ పనివాళ్లకి ఈ జబ్బు తెలుసు, మందూ తెలుసు. ఇత్తడి కూడా బిట్టుని ఇలాగే లాక్కుంటుంది. వాళ్లు బిట్టు కోత అంచు ముందు మొహాన్ని, అంటే గాడి వైపు ఉన్న మొహాన్ని, చిన్న వజ్రపు ఆకురాయితో రెండు మూడు సార్లు నిలువుగా రుద్దుతారు. కొక్కెం వంపు పోయి, అంచు వెంట సన్నటి చదును గీత తళుక్కుమంటుంది. వెంట్రుకంత వెడల్పు చాలు. అలా చేసిన బిట్టు కొరకదు, గీకుతుంది. రిబ్బనులా మెలికలు తిరిగే చెత్త స్థానంలో సన్నటి పొడి వస్తుంది. ప్లాస్టిక్కుల కోసం ప్రత్యేకంగా చేసే బిట్లలో ఇదే ఏర్పాటు ముందే ఉంటుంది. పైగా వాటి మొన కూడా కూచిగా ఉంటుంది. బజారులో దొరికే మామూలు బిట్టు మొన కోణం 118 డిగ్రీలు. అక్రిలిక్ బిట్టుది 60 నుంచి 90 డిగ్రీలు. మొన కూచిగా ఉంటే అవతలి పొరని ఒక్కసారిగా నెట్టదు. ముందు చిన్న బెజ్జంగా తేలి, క్రమంగా దాన్ని వెడల్పు చేసుకుంటూ పోతుంది.

ఇక్కడే ఒక అలవాటుని మానుకోవాలి. ఇనుములో పెద్ద బెజ్జం కావాలంటే ముందు సన్న బిట్టు, తర్వాత లావు బిట్టు వేస్తాం. పెళుసు సరుకులో అది తిరగబడుతుంది. సన్న బెజ్జంలోకి లావు బిట్టు దిగినప్పుడు దాని నడుమకి ఆనడానికి ఏమీ ఉండదు. బరువు వేయకుండానే అంచుల మూలలు సరుకుని పట్టి లాగేస్తాయి. కావలసిన కొలత బిట్టునే మొదటి నుంచీ వాడి, నెమ్మదిగా దింపడం మంచిది. లేదూ, వెడల్పు చేయక తప్పదంటే పైన చెప్పినట్టు కొక్కెం తీసేసిన బిట్టుతోనే చేయాలి. బెజ్జం చోటు గుర్తించడానికి సుత్తితో పంచి కొట్టడం కూడా ఇనుము పని అలవాటే. చిప్ప మీద ఆ దెబ్బ పడితే బెజ్జం దాకా వెళ్లనక్కర్లేదు, పని అక్కడే అయిపోతుంది. చెప్పులు కుట్టే ఆరె లాంటి మొనదేరిన దాన్ని ఆ చోట పెట్టి చేత్తో నాలుగు సార్లు తిప్పితే చాలినంత గుంట పడుతుంది.

సరుకుని బట్టి కొన్ని సంగతులు వేరుగా చెప్పుకోవాలి. కొమ్ము నిజానికి అంత పెళుసు కాదు. అది మన గోళ్లూ వెంట్రుకలూ తయారైన కెరాటినే, వేడి చేస్తే మెత్తబడి వంగుతుంది. శ్రీకాకుళం సరిహద్దు దాటితే వచ్చే పర్లాకిమిడిలో కొమ్ముని వేడి చేసి వంచి పక్షుల బొమ్మలు చేసే పనివాళ్లు తరాలుగా ఉన్నారు. కానీ కొమ్ము పొరలు పొరలుగా పెరుగుతుంది. పాతబడి ఎండిపోయినప్పుడు ఆ పొరలు విడిపోవడానికి కాచుకుని ఉంటాయి, మొద్దుబారిన బిట్టు వేడికి విడిపోతాయి. కాలిన జుట్టు వాసన వచ్చిందంటే బిట్టు పైకి ఎత్తి చల్లారనివ్వాలి. ఎముకకి ఆ మెత్తబడే గుణం లేదు, దాని సన్న నాళాలు పొడవునా సాగి ఉంటాయి కాబట్టి చీలిక కూడా పొడవునే పరిగెడుతుంది. అంచుకి మరీ దగ్గరగా బెజ్జం పెట్టకపోవడమే దానికి మందు. జింక కొమ్ము, ఏనుగు దంతం పాత జమీందారీ కత్తుల మీద చూసి ముచ్చటపడి కొనబోతారేమో, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, దాని సవరణల కింద వాటి క్రయవిక్రయాలు నేరం.

తునికి మాట చెప్పాలి. తెలంగాణ అడవుల్లో వేసవిలో బీడీల కోసం కోసే ఆకు ఈ చెట్టుదే. ఆకు సంగతి అందరికీ తెలుసు, చెట్టు లోపలి నల్లటి చేవని కోరమాండల్ ఎబొనీ అంటారని తెలిసినవాళ్లు తక్కువ. రాయంత బరువు, రాయంత మొండి. దీని రజను జిడ్డుగా ఉండి బిట్టు గాడిలో పేరుకుంటుంది, రజను బయటికి పోకపోతే వేడి పుడుతుంది, వేడి పుడితే బెజ్జం అంచున కంటికి కనిపించని బీటలు పడతాయి. నునుపు చేసి నూనె రాశాక గాని అవి బయటపడవు. అందుకే రెండు మిల్లీమీటర్లు దింపడం, పైకి ఎత్తడం, రజను దులపడం, మళ్లీ దింపడం. వడ్రంగం బిట్లలో నడిమధ్య ముల్లు, అంచున రెండు కోరలు ఉండే రకం దీనికి బాగా పనికొస్తుంది. కోరలు ముందు చుట్టూ నారని కోసి గుండ్రం గీస్తాయి, లోపలి సరుకు తర్వాత ఊడుతుంది.

ముత్యపు చిప్పని పొడిగా తొలచకూడదు. నూటికి 95 పాళ్లు సున్నపు పలకలే, వాటిని అంటిపెట్టుకున్న ప్రొటీను మిగతాది. ఆ పలకల అమరిక వల్ల మందపాటి చిప్ప దెబ్బకి బాగానే ఆగుతుంది గాని, పలుచగా కోసిన బిళ్ల పొర వెంట విచ్చుకుంటుంది. చిన్న నీళ్ల పళ్లెంలో చెక్క మీద అతికించి, చిప్ప నీళ్లలో మునిగేలా ఉంచి, కార్బైడు బిట్టుతో గాని వజ్రపు పూత బిట్టుతో గాని తాకీ తాకనట్టు నొక్కాలి. వజ్రపు బిట్టు కోయదు, అరగదీస్తుంది, కాబట్టి లాక్కోవడం అనే బాధే లేదు. నీళ్లు చల్లదనానికే కాదు, దుమ్ము లేవకుండా ఉండటానికి కూడా. చిప్ప దుమ్ము ఊపిరితిత్తులకి చేటు. ఎముక దుమ్మూ అంతే. నీళ్ల పని కరెంటు డ్రిల్లుకి దగ్గరగా జరుగుతుంది కాబట్టి మోటారు తడవకుండా, ప్లగ్గు దగ్గర తేమ లేకుండా చూసుకోండి. మంచి మాస్కు తప్పనిసరి, ముక్కుకి చేతిగుడ్డ కట్టుకోవడం సరిపోదు.

పెళుసు సరుకుని తొలచడంలో మన ఊళ్లలో పేరున్న పని ఒకటుంది. రాజమండ్రిలో కె.వి. రత్నం గారు 1932 ప్రాంతంలో మొదలుపెట్టిన ఎబొనైటు కలాలు. ఆయన పంపిన కలం అందుకుని గాంధీజీ 1935లో మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు. ఎబొనైటు అంటే గంధకం బాగా దట్టించి గట్టిపరిచిన రబ్బరు. లేత్ మీద కడ్డీ తిరుగుతుంటే బిట్టు కదలకుండా దానిలోకి దిగుతుంది. సిరా గొట్టం అడుగు మూసుకుని ఉండాలి కాబట్టి బిట్టు అవతలికి తేలే ప్రశ్నే రాదు. పిడి పనివాడికి ఆ అదృష్టం లేదు.

చివరిగా సీల. బెజ్జం శుభ్రంగా పడింది, బద్ద చెక్కుచెదరలేదు. మరి 3 మిల్లీమీటర్ల బెజ్జంలోకి 3 మిల్లీమీటర్ల సీలని సుత్తితో దింపితే ఏమవుతుంది? లోపలినుంచి బిగుతుకి గోడ సాగుతుంది, అప్పడం అడుగు చీలినట్టే ఆ గోడా చీలుతుంది. కొన్నిసార్లు వెంటనే చీలదు. కొమ్ము తేమని పట్టి ఉబ్బుతుంది, ఎండకి కుంచించుకుపోతుంది. కోస్తాలో వానాకాలంలో బిగించిన పిడి అనంతపురం ఎండాకాలంలో బీట ఇచ్చిందంటే తప్పు ఎండది కాదు. 3 మిల్లీమీటర్ల సీలకి 3.1 బిట్టు వాడండి. ఆ వెంట్రుక సందుని ఎపాక్సీ జిగురు నింపుతుంది. సీల వేలితో తోస్తే దిగాలి. పాతకాలంలో ఇంగ్లండులోని షెఫీల్డ్ చాకుల పనివాళ్లు సీల తలని సుత్తితో సన్న సన్నగా కొట్టి విప్పేవాళ్లు. వాళ్లు నేర్చిన చెయ్యి అది. జిగురు ఉన్న ఈ రోజుల్లో చిప్పకీ ఎముకకీ ఆ దెబ్బలు తగిలించాల్సిన పనిలేదు.

జిగురు ఆరాక పైకి పొడుచుకొచ్చిన సీల తలని రంపంతో కోసి, మిగిలింది ఎమరీ కాగితంతో చేత్తోనే అరగదీయండి. తొందరపడి మిషను పట్టా మీద పెడితే ఇత్తడి క్షణంలో కాలిపోతుంది. ఆ వేడి సీల వెంట లోపలికి దిగి జిగురుని మెత్తబరుస్తుంది. మామూలు ఎపాక్సీ 60, 70 డిగ్రీల దగ్గరే పట్టు సడలించడం మొదలుపెడుతుంది. కొమ్మయితే చుక్క చుట్టూ తెల్లటి వలయం కట్టి అక్కడే బీట వేస్తుంది. మధ్య మధ్య సీల తల మీద వేలు పెట్టి చూడండి. వెచ్చగా తగిలితే ఆపి, చల్లారాక మళ్లీ రుద్దండి.